ఇవ్వొచ్చు, రాయకూడదు!

తిరువూరు చుట్టుపక్కల పల్లెల్లో ‘ఆర్‌ఎంపీ’ అంటే ఎవరో ఎవరికీ చెప్పక్కర్లేదు. మోటారుసైకిలుకి సంచీ తగిలించుకుని తిరిగేవాడు, పిలిస్తే అర్ధరాత్రయినా వచ్చేవాడు, జ్వరమైనా నడుంనొప్పయినా ముందొక సూది పొడిచేవాడు. ఆయన్ని అందరూ డాక్టరుగారనే అంటారు. ఆయన ఎంబీబీఎస్ చదవలేదని కూడా అందరికీ తెలుసు. మన మందుల చట్టంలోనూ ఒక ఆర్‌ఎంపీ ఉన్నాడు. 1945 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం షెడ్యూల్ హెచ్‌లో ఉన్న మందుని షాపులో అమ్మాలంటే ‘రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్’ రాసిన చీటీ ఉండాలి. చట్టంలో ఆ మూడక్షరాలకు అర్థం అర్హత గల వైద్యుడు. పల్లెలోకి దిగేసరికి అవే మూడక్షరాలు అర్హత లేని వైద్యుడికి పేరయ్యాయి. సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి నా చూపు ముందు మాటల మీదికే పోతుంది. ఒక మాట ఇంత పచ్చిగా తిరగబడిన సందర్భం నాకింకొకటి గుర్తుకు రావడం లేదు.

ఈ రెండు రకాల ఆర్‌ఎంపీల మధ్య మూడో మనిషి ఒకరున్నారు. నర్సమ్మ. ఏఎన్‌ఎం కావచ్చు, పీహెచ్‌సీలో రాత్రి డ్యూటీ చేసే స్టాఫ్ నర్సు కావచ్చు. ఈమె చదువుకుంది, పరీక్ష రాసింది, పురుళ్లు పోసి నేర్చుకుంది. బీఎస్సీ నర్సింగో జీఎన్‌ఎమ్మో పూర్తిచేసిన అమ్మాయి పేరు రాష్ట్ర కౌన్సిల్ పుస్తకంలో ‘రిజిస్టర్డ్ నర్స్, రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్’ అని ఎక్కుతుంది. అంటే రిజిస్టరైనది ఈమె. కానీ మందు రాసే హక్కు చట్టంలో డాక్టరుది, ఊళ్లో సంచీ డాక్టరుది. ఈమెది మాత్రం కాదు.

నా వాదన ఏమిటో మొదటే చెప్పేస్తాను. గర్భం, కాన్పు, బాలింత కాలం, గర్భనిరోధం - వీటికి కావలసిన మందుల్ని, ఒక జాబితాకు లోబడి, తన సొంత సంతకంతో రాసే అధికారం శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌కు చట్టపరంగా రావాలి. దయగా కాదు, సర్దుబాటుగా కాదు. వృత్తి హక్కుగా.

‘ఇప్పుడు మాత్రం మందులు ఇవ్వడం లేదా ఏమిటి?’ అని అడిగేవాళ్లుంటారు. నిజమే, ఇస్తున్నారు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. అవే నిబంధనల్లో షెడ్యూల్ కె అని ఒకటుంది. ప్రభుత్వ ఆరోగ్య, కుటుంబ సంక్షేమ కార్యక్రమాల కింద పీహెచ్‌సీల్లో, సబ్‌సెంటర్లలో నర్సులు, ఏఎన్‌ఎంలు, అంగన్‌వాడీ కార్యకర్తలు పంచే మందులకు అమ్మకం లైసెన్సు అక్కర్లేదని అందులో మినహాయింపు ఇచ్చారు. కాన్పు సమయంలో ఏఎన్‌ఎంలు, స్టాఫ్ నర్సులు ఏమేం చేయవచ్చో చెబుతూ కేంద్ర ఆరోగ్యశాఖ 2005లో మార్గదర్శకాలు తెచ్చింది, 2010లో వాటిని సవరించింది. బిడ్డ పుట్టగానే రక్తస్రావాన్ని ఆపడానికి ఆక్సిటోసిన్ పది యూనిట్లు కండకి ఇవ్వవచ్చు. అది లేనిచోట మిసోప్రోస్టాల్ 600 మైక్రోగ్రాములు మింగించవచ్చు. గుర్రపువాతం వచ్చిన గర్భిణికి పెద్దాసుపత్రికి పంపేముందు మెగ్నీషియం సల్ఫేట్ మొదటి మోతాదు, రెండు పిరుదులకూ అయిదేసి గ్రాముల చొప్పున, ఇవ్వవచ్చు. చీము పట్టిందన్న అనుమానం ఉంటే యాంటీబయాటిక్ మొదటి మోతాదు ఇవ్వవచ్చు. ఇవి చిన్న మందులు కావు. తేడా వస్తే ప్రాణం మీదికొచ్చే మందులు. వాటిని ఆమె చేతికే ఇచ్చారు.

ఇచ్చారు గానీ రాయనివ్వలేదు. ‘ఇవ్వడం’ అనే క్రియలో మందు ప్రభుత్వానిది, నిర్ణయం మార్గదర్శకానిది, చెయ్యి మాత్రం ఆమెది. ‘రాయడం’లో నిర్ణయం రాసేవాళ్లది. రాసినదానికి పేరుంటుంది, తేదీ ఉంటుంది, సంతకం ఉంటుంది. రేపు ఎవరైనా అడిగితే, ‘అవును, నేనే రాశాను, ఇదిగో ఎందుకంటే’ అనే నోరుంటుంది. మన ఆరోగ్యవ్యవస్థ ఆడవాళ్ల చేతుల్ని వాడుకోవడానికి ఏనాడూ వెనకాడలేదు. ఆ చేతికి సంతకం ఇవ్వడానికే దానికి మనసొప్పదు.

దీనివల్ల పల్లెలో ఏం జరుగుతుందో చూడండి. సబ్‌సెంటర్లో రక్తపోటు మాత్రలు అయిపోయాయి అనుకుందాం. ఏడో నెల గర్భిణికి ఆ మాత్రలు రోజూ పడాలి. ఏ మాత్రో, ఎన్ని పూటలో నర్సమ్మకు తెలుసు. కానీ ఆమె రాసిన చీటీకి తిరువూరు మందులషాపులో చట్టప్రకారం విలువ లేదు. డాక్టరు దగ్గరికి పోయి చీటీ రాయించుకోవాలి. అంటే ఒకరోజు పత్తితీత కూలి పోవాలి, ఆటో డబ్బులు పెట్టాలి, మొగుడో అత్తో వెంట రావడానికి ఒప్పుకోవాలి. అదే సంచీ డాక్టరు నోటిమాటగా చెప్తే షాపులో అడ్డుచెప్పేవాళ్లుండరు. చట్టాన్ని పాటించేవాళ్లకే చట్టం అడ్డం, పాటించనివాళ్లకు దారి నున్నగా ఉంది. ఆ గర్భిణి ఎటు వెళ్తుందో వేరే చెప్పాలా?

మా పిన్ని ఏఎన్‌ఎంగా చేసి రిటైరైంది. 2012లో ఒక సాయంత్రం మిరపచేలోంచి ఇంటికొచ్చిన ఒక గర్భిణికి తలనొప్పి, కళ్లు మసకలు. పిన్ని చేరేసరికి ఫిట్స్ మొదలయ్యాయి. 108కి ఫోన్ చేయించింది, పై డాక్టరుకి చేసింది. బండి బయల్దేరింది, డాక్టరు ఎత్తలేదు. పిన్ని మెగ్నీషియం సల్ఫేట్ రెండు పక్కలా ఇచ్చి, కాగితం మీద టైము, మోతాదు రాసి, బండిలో తనూ ఎక్కింది. తల్లీ బిడ్డా బతికారు. మూడోరోజు పిన్నిని పిలిపించి, ‘నువ్వేమన్నా డాక్టరువనుకుంటున్నావా? ఎవర్నడిగి ఇచ్చావు?’ అన్నారు. మెమో కూడా ఇచ్చారు. పిన్ని శిక్షణలో ఇచ్చిన పుస్తకం తెరిచి, ఆ పేజీ జెరాక్స్ తీయించి, సమాధానానికి జతచేసి పంపింది. దానికి జవాబు రాలేదు. మెమో వెనక్కి తీసుకోనూలేదు.

పిన్ని ఈ సంగతి నాకు ఏడుస్తూ చెప్పలేదు. నవ్వుతూ చెప్పింది. “ఆ రోజు ఇవ్వకుండా ఆ పిల్ల పోయుంటే ‘నేర్పించాం కదా, ఎందుకివ్వలేదు’ అని మెమో ఇచ్చేవాళ్లే. ఇచ్చినందుకొచ్చిన మెమో నయం కదే!” అంది. ఆ నవ్వుని నేను చాలామంది నర్సుల మొహాల్లో చూశాను. మార్గదర్శకం అనేది పైవాళ్లకు ఇష్టమైతే ఆమెకు రక్షణ, ఇష్టం లేకపోతే చిత్తుకాగితం. చట్టంలో రాసిన అధికారాన్ని అలా చిత్తుకాగితం చేయడం అంత తేలిక కాదు. నేను చట్టం, చట్టం అని పట్టుబట్టడానికి కారణం ఇదే.

‘మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాల్సిందే’ అని మన సామెత. నవ్వుకోవడానికి వాడతాం గానీ, అందులో ఒక ఉద్యోగపు షరతులన్నీ ఉన్నాయి. బాధ్యతకు హద్దులేదు, కాదనే హక్కు లేదు, జీతం ఊసే లేదు. ఆ పని చేసింది ఎక్కువగా దళిత స్త్రీలు, చాకలి, మంగలి వంటి వృత్తికులాల స్త్రీలు. పురిటి మైల వాళ్ల చేతికి, పుట్టిన బిడ్డ పెద్దింటివాళ్ల ఒడికి. 1926లో మద్రాసు ప్రెసిడెన్సీ నర్సుల, మిడ్‌వైవ్‌ల చట్టం తెచ్చింది. అప్పుడు కృష్ణాజిల్లాలో ఉన్న తిరువూరు ప్రాంతానికీ అదే చట్టం. రిజిస్టరు వచ్చింది, పరీక్షలు వచ్చాయి. మంత్రసాని ఆ రిజిస్టరు బయట మిగిలిపోయింది. ఆమె స్థానంలో వచ్చిన చదువుకున్న మిడ్‌వైఫ్ డాక్టరు కింద మనిషి అయింది. ఆ తర్వాత వచ్చిన ఉద్యోగానికి పెట్టిన పేరులోనే ఆమె స్థాయి చెప్పేశారు: ‘ఆగ్జిలరీ’. అంటే తోడు మనిషి. ఎవరికి తోడు? పురిటినొప్పులు పడేదానికా, సంతకం పెట్టేవాడికా?

మంత్రసానిని నేను దేవతను చేయబోవడం లేదు. శుభ్రంలేని కొడవలితో బొడ్డుకోస్తే ధనుర్వాతంతో బిడ్డలు పోయారు. మాయ పడక బాలింతలు పోయారు. ఆధునిక వైద్యం వాళ్లను బతికించింది. నా తగువు వైద్యంతో కాదు. ఆ జ్ఞానాన్ని స్త్రీలకు నేర్పి, దానిమీద హక్కుని మాత్రం ఒక్క డిగ్రీకి కట్టేసి ఉంచిన పెత్తనంతో.

‘నర్సులకు అధికారమిస్తే ప్రాణాలకు పూచీ ఎవరు?’ అన్నది డాక్టర్ల సంఘాలు ఎప్పుడూ వేసే ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే, జవాబు చెప్పాలి. మన పక్క రాష్ట్రం కర్ణాటకలో, బెళగావి జిల్లాలో జరిగిన ఒక అధ్యయనం 2006లో లాన్సెట్‌లో వచ్చింది. 1620 మంది స్త్రీలు. మందు ఇచ్చింది డాక్టర్లు కాదు, పల్లెల్లో పురుళ్లు పోసే ఏఎన్‌ఎంలు. మిసోప్రోస్టాల్ మాత్రలు అందుకున్నవాళ్లలో కాన్పు తర్వాత అధిక రక్తస్రావం 6.4 శాతం మందికి జరిగింది. ఉత్తుత్తి మాత్రలు అందుకున్నవాళ్లలో 12 శాతం. దాదాపు సగానికి సగం తగ్గింది. ప్రపంచమంతా ఈ లెక్కను ఉదహరిస్తుంది. ఆ లెక్క వెనకున్న చేతులు మన నర్సమ్మలవని మనమే మర్చిపోయాం.

ఇక బయటి దేశాలు. న్యూజిలాండ్ 1990లోనే చట్టం మార్చి మిడ్‌వైఫ్‌ను స్వతంత్ర వృత్తినిపుణురాలిగా గుర్తించింది, కాన్పుకు సంబంధించిన మందులు రాసే హక్కు ఇచ్చింది. స్వీడన్‌లో గర్భనిరోధక మాత్రలు మిడ్‌వైఫే రాస్తుంది. బ్రిటన్‌లో డాక్టరు చీటీ లేకుండానే మిడ్‌వైఫ్ ఇవ్వగల మందుల జాబితా చట్టంలోనే ఉంది. ‘వాళ్ల మిడ్‌వైఫ్‌ల చదువు వేరు’ అంటారా? అయితే ఆ చదువు ఇక్కడా చెప్పించండి. 2017లో తెలంగాణ ప్రభుత్వం కరీంనగర్‌లో ఫెర్నాండెజ్ ఆసుపత్రి, యూనిసెఫ్ సహకారంతో 30 మంది నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. మరుసటేడు డిసెంబరులో కేంద్రం మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకాలు తెచ్చి, ‘నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ’ అనే కొత్త హోదాకు అదే 18 నెలల చదువు పెట్టింది. 2023లో పాత ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. మిడ్‌వైఫ్ మాట చట్టం పేరులోకి ఎక్కింది. సంతోషం. కానీ మందులషాపువాడు చూసేది చట్టం పేరుని కాదు, చీటీ కింద సంతకాన్ని. 1945 నిబంధనల్లో రాయగలవాళ్ల నిర్వచనం మారకుండా కొత్త బోర్డులు ఎన్ని తగిలించినా ఆ చీటీ చెల్లదు.

ఇప్పుడున్న ఏర్పాటు స్త్రీలను కాపాడుతోందని నమ్మేవాళ్లకు ఒక ప్రశ్న. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. గొప్ప సంగతే. మొత్తం కాన్పుల్లో 42.4 శాతం కడుపుకోత. సరిహద్దు దాటి తెలంగాణలోకి వెళితే 60.7 శాతం. దేశం సగటు 21.5. తిరువూరు ఆడపిల్ల కాన్పుకి ఇటు విజయవాడ వెళ్లినా, అటు ఖమ్మం వెళ్లినా కత్తి ఎదురుగా ఉన్నట్టే. ఈ కోతలన్నీ నర్సులు నిర్ణయించినవా? కాన్పుని ఓపిగ్గా కనిపెట్టుకుని కూర్చునే మనిషికి అధికారం లేదు. ముహూర్తం చూసి కోసే మనిషికి పూర్తి అధికారం ఉంది. ప్రమాదం అంటే ఏమిటో ఎవరు నిర్వచిస్తున్నారన్నది ఇక్కడ తేలాలి.

మందుల దుర్వినియోగం సంగతి కూడా మాట్లాడుకుందాం. పక్కనే ఎ.కొండూరు మండలం తండాల్లో ఏళ్ల తరబడి జనం కిడ్నీ జబ్బుతో పోతున్నారు. కారణాలు వెతికినవాళ్లు తాగునీటిని అనుమానించారు. ఇష్టారాజ్యంగా మింగే నొప్పిమాత్రల్నీ అనుమానించారు. పొద్దంతా వంగి పనిచేసే లంబాడా స్త్రీకి నడుంనొప్పికి మాత్రలు అందిస్తున్నది ఎవరు? మిడ్‌వైఫ్ కాదు. ఆక్సిటోసిన్ సంగతి ఇంకా విడ్డూరం. పాలు చేపడానికి గేదెలకు దాన్ని పొడుస్తున్నారని 2018లో కేంద్రం ప్రైవేటు కంపెనీలు దాన్ని తయారుచేయకుండా నిషేధించింది. ఆ ఇంజెక్షన్ దొరక్కపోతే బాలింతలు రక్తస్రావంతో పోతారని మొత్తుకోవలసి వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. పాకలో గేదెకు పొడిచే సూదికి ఏ డాక్టరు చీటీ కావలసివచ్చింది? రాసే హక్కు లేనందువల్ల దుర్వినియోగం ఆగలేదు. ఎవరు ఏ మందు ఎందుకిచ్చారో లెక్క లేకుండా పోయింది, అంతే. మిడ్‌వైఫ్ సంతకం ఉంటే ఆ లెక్క పుస్తకంలో ఉంటుంది. తప్పు జరిగితే పట్టుకోవచ్చు.

గర్భస్రావం మాటకొస్తే ఈ భయం ఇంకా పచ్చిగా కనబడుతుంది. 1971 చట్టం ఆ పనిని డాక్టర్లకే పరిమితం చేసింది. 2014 ముసాయిదా సవరణలో నర్సులు, ఏఎన్‌ఎంలు, ఆయుష్ వైద్యులు కూడా తొలినెలల గర్భస్రావాలు చేయవచ్చన్న ప్రతిపాదన ఉంది. వైద్యుల సంఘం వ్యతిరేకించింది. 2021లో సవరణ వచ్చేసరికి కొన్ని వర్గాల స్త్రీలకు గడువు 24 వారాలకు పెరిగింది. ఎవరు చేయవచ్చన్నది మాత్రం మారలేదు. గర్భస్రావం మాత్రలు షాపులో మగవాడి చేతికి చీటీ లేకుండా దొరుకుతాయి. వాటిని ఎలా వాడాలో తెలిసిన నర్సమ్మ మాత్రం ఇవ్వకూడదు.

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం మన లోపలి నుంచే వస్తుంది. స్త్రీవాద మిత్రులూ, నర్సుల సంఘాల్లో పనిచేసేవాళ్లూ అడిగారు: ‘ఇది పేదలకు రెండో రకం వైద్యం కాదా? పట్నానికి డాక్టరు, తండాకు నర్సా? డాక్టర్ల పోస్టులు నింపకుండా ప్రభుత్వం ఈ బరువు కూడా నర్సమ్మ నెత్తినే పెట్టదా?’ పెడుతుంది. అనుమానమే లేదు. 2019లో నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం 32వ సెక్షన్‌లో ‘కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్’ అనే పేరుతో పరిమిత లైసెన్సు పెట్టారు. ప్రాథమిక వైద్యంలో కొన్ని మందుల్ని స్వతంత్రంగా రాయవచ్చన్నారు. డాక్టర్లు రోడ్డెక్కారు. ఆ గొడవలో అందరూ మాట్లాడారు గానీ, అప్పటికే ఆ పని చేస్తున్న నర్సుల్ని అడిగినవాళ్లు తక్కువ. మన రాష్ట్రంలో విలేజ్ క్లినిక్కుల్లో బీఎస్సీ నర్సింగ్ చదివిన అమ్మాయిల్ని మధ్యస్థాయి ఆరోగ్యకార్యకర్తలుగా పెట్టారు, అదీ కాంట్రాక్టు మీద. బాధ్యత పర్మినెంటు, ఉద్యోగం టెంపరరీ.

కాబట్టి నేను అడుగుతున్నది ఒట్టి కలం కాదు. అధికారంతో పాటు రెగ్యులర్ పోస్టు, దానికి తగ్గ జీతం, 18 నెలల శిక్షణ, ఏటా పునశ్చరణ, రాసిన మందుల మీద తనిఖీ, నిబంధన ప్రకారం నడుచుకున్నప్పుడు మెమో నుంచి రక్షణ కావాలి. కష్టమైన కేసును పంపితే వెంటనే చేర్చుకునే పెద్దాసుపత్రి, అక్కడ కత్తి పట్టగల డాక్టరు కూడా కావాలి. మిడ్‌వైఫ్ డాక్టరుకు బదులు కాదు. మామూలు కాన్పు ఆమె పని, మామూలు దాటితే డాక్టరు పని. పట్నంలోనూ పల్లెలోనూ ఇదే పద్ధతి పెడితే రెండో రకం వైద్యమన్న మాటే ఉండదు. విజయవాడ కార్పొరేట్ ఆసుపత్రిలో కూడా మిడ్‌వైఫ్ సంతకం చెల్లాలి. అక్కడ చెల్లకుండా తండాలోనే చెల్లితే మిత్రుల అనుమానమే నిజమవుతుంది. అప్పుడు నేనూ వాళ్ల పక్కనే నిలబడతాను.

మొదటి జాబితా కోసం కొత్త కమిటీ కూడా అక్కర్లేదు. 2010 మార్గదర్శకాల్లో ఏఎన్‌ఎం చేతికిచ్చిన మందులే ఉన్నాయి. ఐరన్ మాత్రలు, రక్తపోటు మాత్రలు, గర్భనిరోధకాలు వాటికి చేర్చితే చాలు. 1945 నిబంధనల్లో రాయగలవాళ్ల వరసలో, ఈ జాబితా మేరకు, రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్ అన్న మాట చేర్చాలి. నిబంధన మార్చాల్సింది ఢిల్లీ. పోస్టులు, జీతాలు, శిక్షణ అమరావతి చేతిలో పని. నర్సుల సంఘాలు జీతాల డిమాండ్ల పక్కన ఈ డిమాండునూ రాసుకోవాలి. స్త్రీల సంఘాలు దీన్ని నర్సుల గొడవ అని వదిలేయకుండా కాన్పయ్యే ప్రతి స్త్రీ గొడవగా ఎత్తుకోవాలి. ఇది చదివేవాళ్లలో నర్సులుంటే, మీకొచ్చిన మెమోలు దాచిపెట్టుకోకండి, బయటపెట్టండి. చట్టం మార్చమని అడగడానికి అంతకంటే మంచి సాక్ష్యం మన దగ్గర లేదు.